ఐసీయూ మంచం దగ్గర బ్లడ్ గ్రూపు మాట

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం)



సుబ్బారావు గారి పేరిట మాట్లాడటం ఏ తెలుగు వైద్యుడికైనా గౌరవమే. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. తోడబుట్టినవాణ్ణి స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. ఏళ్లు గడిచాక, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. అది స్ప్రూ రోగులకూ, ఒక రకం రక్తహీనతకూ మందయింది. బోదకాలుకు ఈనాటికీ మన దేశంలో పంచుతున్న డైఇథైల్‌కార్బమజీన్ ఆ బృందం ఇచ్చిందే. లుకేమియా వచ్చిన పిల్లల కోసం వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు అందిన మందులూ అక్కడివే. శరీరపు రసాయనాల్లో అంత లోతుకు దిగిన మనిషి, రోగి చేతిలో మాత్ర పడేదాకా పని వదల్లేదు. ఇవాళ నేను తీసుకున్న విషయాన్ని ఆయన పెట్టిన ఆ కొలతతోనే చూడాలనుకుంటున్నాను.

వైరస్ జబ్బు ముదిరి ఐసీయూలో చేరిన మనిషి బతుకుతాడా లేదా అన్నదానికీ, అతని బ్లడ్ గ్రూపుకూ సంబంధం ఉందా? ఉంటే ఎంత? దాన్ని పట్టుకుని మనం చేయగలిగింది ఏమైనా ఉందా? నా ప్రశ్నలు ఇవే.

2020 జూన్‌లో రెండు వార్తలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. 16వ తేదీన ఆక్స్‌ఫర్డ్ నుంచి రికవరీ ట్రయల్ వాళ్లు తమ ఫలితం ప్రకటించారు. డెక్సామెథసోన్ ఇస్తే వెంటిలేటర్ మీదున్న కోవిడ్ రోగుల్లో మరణాలు ఇంచుమించు మూడో వంతు తగ్గాయన్నారు. మరునాడు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇటలీ, స్పెయిన్ రోగుల జన్యువుల మీద ఒక పరిశోధన వచ్చింది. ఎ గ్రూపు వాళ్లకు కోవిడ్ తీవ్రమయ్యే అవకాశం కొంత ఎక్కువ, ఓ గ్రూపు వాళ్లకు కొంత తక్కువ అని అందులో ఉంది. మొదటి వార్తలోది ఎన్నో దశాబ్దాలుగా మన మండల కేంద్రంలోని మందుల షాపులో కూడా దొరుకుతున్న చవక మందు. రెండో వార్తలోది పుట్టుకతో వచ్చేది, ఎవరూ మార్చుకోలేనిది. అయినా ఇళ్లలో, ఆఫీసుల్లో, వాట్సాప్‌లో ఎక్కువగా తిరిగింది రెండో వార్తే.

ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఇంటర్‌ల్యూకిన్, డీ డైమర్ అంటే ఎవరికి అర్థమవుతుంది? బ్లడ్ గ్రూపు అలా కాదు. డ్రైవింగ్ లైసెన్సు మీద ఉంటుంది, ఆఫీసు ఐడీ కార్డు మీద ఉంటుంది, పిల్లల స్కూలు డైరీలో ఉంటుంది. తన గ్రూపు తెలిసిన ప్రతివాడికీ ఆ వార్త తన పేరు పెట్టి పిలిచినట్టే వినిపించింది.

రెండో వేవ్ రోజుల్లో చుట్టాలను వార్డులోకి రానిచ్చేవాళ్లం కాదు. సాయంత్రం పూట ఇళ్లకు ఫోన్ చేసి పరిస్థితి చెప్పేవాళ్లం. ఒక కుర్రవాడు అడిగిన ప్రశ్న నాకింకా గుర్తే. "సార్, మా నాన్నది ఎ పాజిటివ్. ఎ వాళ్లకు కష్టమంటున్నారు. దాచకుండా చెప్పండి, ఆశ ఉందా?" అప్పటికి అతని తండ్రికి అరవై దాటాయి. పదేళ్లుగా షుగరు. మాస్కుతో నిమిషానికి 15 లీటర్ల ఆక్సిజన్ ఇస్తుంటే రక్తంలో 91 శాతం చూపిస్తోంది. ఆయన ప్రాణం ఆధారపడి ఉన్నది ఈ మూడింటి మీద. కొడుకు ఈ మూడింటిలో ఒక్కదాని గురించీ అడగలేదు. "గ్రూపు సంగతి పక్కన పెట్టు బాబూ. నాన్నను బోర్లా పడుకోబెట్టాం, ఆక్సిజన్ కాస్త పెరిగింది. రాత్రి ఎలా ఉంటుందో చూసి పొద్దున చెబుతాను" అన్నాను. ఆ తండ్రి కోలుకున్నాడా లేదా అన్నది ఇక్కడ చెప్పను. ఒక్క రోగి బతికినా పోయినా దానితో శాస్త్రంలో ఏదీ రుజువు కాదు. ఆ భయం ఒక్క కొడుకుదే కాదు, వేల ఇళ్లది. ఈ ఉపన్యాసం ఆ భయానికి జవాబుగా రాసుకున్నాను.

ముందు గ్రూపు అంటే ఏమిటో చెప్పుకోవాలి. 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్, తనతో పనిచేసేవాళ్ల రక్తాలను ఒకదానితో ఒకటి కలిపి చూశాడు. కొన్ని కలిసిపోయాయి, కొన్ని గడ్డకట్టుకున్నట్టు గుత్తులు గుత్తులయ్యాయి. అలా మూడు గ్రూపులు తేలాయి. నాలుగోది, ఏబీ, మరుసటి ఏడాది అదే ఊళ్లో దొరికింది. ఈ తేడాకు మూలం ఎర్రకణం ఒంటి మీద అంటుకుని ఉండే ఒక చిన్న చక్కెర అణువు. ఎ గ్రూపులో ఒక రకం, బి గ్రూపులో ఇంకో రకం, ఏబీలో రెండూ. ఓ గ్రూపులో ఆ చక్కెరను అతికించే ఎంజైము పనిచేయదు. దాని జన్యువు తొమ్మిదో క్రోమోజోము మీద ఉంది. మామూలు ఓ గ్రూపులో ఆ జన్యువులో ఒకే ఒక్క అక్షరం జారిపోవడంతో ఆ ఎంజైము మూగబోయిందని 1990లో యమమోటో బృందం చూపించింది.

వైరస్ విషయంలో ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ చక్కెరలు రక్తకణాల మీదే కాదు, ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు, పేగుల లోపలి పొర మీద, రక్తనాళాల గోడ మీద కూడా ఉంటాయి. చాలామందిలో లాలాజలంలోకి, శ్లేష్మంలోకి కూడా వస్తాయి. అంటే వైరస్ లోపలికి వచ్చే దారిలోనే ఇవి నిలబడి ఉన్నాయి. ఇక శరీరంలో లేని చక్కెర మీద శరీరమే యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. ఓ వాళ్ల రక్తంలో ఎ మీదా, బి మీదా రెండింటి మీదా యాంటీబాడీలుంటాయి. కాబట్టి బ్లడ్ గ్రూపుకూ సూక్ష్మజీవులకూ సంబంధం ఉందన్నది మూఢనమ్మకం కాదు. ఓ గ్రూపు వాళ్లలో మలేరియా ప్రాణాంతకంగా మారడం తక్కువని ఆఫ్రికాలో చేసిన పరిశోధనలు చూపాయి. అదే ఓ గ్రూపు వాళ్లకు కలరా వస్తే విరేచనాలు మరీ తీవ్రంగా ఉంటాయి. గంగా డెల్టా ప్రాంతంలో ఓ గ్రూపు తక్కువగా ఉండటానికి తరతరాల కలరాయే కారణమని కొందరు శాస్త్రవేత్తలు భావిస్తారు. ఒక జబ్బుకు కవచమైన గ్రూపే ఇంకో జబ్బుకు లొసుగు. మంచి గ్రూపు, చెడ్డ గ్రూపు అనేవి లేవు.

ఇప్పుడు కోవిడ్‌కు వద్దాం. అసలు దీనికి ముందే ఒక ఆనవాలుంది. 2003లో సార్స్ వచ్చినప్పుడు హాంకాంగ్‌లోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఆసుపత్రిలో ఒకే రోగి దగ్గర పనిచేసిన 45 మంది సిబ్బందిని పరిశీలించారు. 34 మందికి జబ్బు సోకింది. ఓ గ్రూపు వాళ్లకు సోకడం బాగా తక్కువ. సంఖ్య చిన్నదే, కానీ 2020 మార్చిలో వుహాన్ నుంచి అదే ధోరణిలో మాట వచ్చేసరికి అందరూ తలెత్తి చూశారు. జిన్‌యిన్‌టాన్ ఆసుపత్రిలో 1,775 మంది రోగుల్లో ఎ గ్రూపు వాళ్లు 37.75 శాతం. ఆ నగరంలోని మామూలు జనంలో 32.16 శాతం. ఓ గ్రూపు రోగుల్లో 25.8 శాతం, జనంలో 33.84 శాతం.

తర్వాత వచ్చిందే జూన్ 17 నాటి వ్యాసం. ఏడు ఆసుపత్రుల్లో ఊపిరి అందని స్థితికి చేరిన 1,610 మందిని, జబ్బు లేని 2,205 మందితో పోల్చారు. జన్యువులన్నీ వెతికితే రెండు చోట్ల తేడా పైకి తేలింది. ఒకటి మూడో క్రోమోజోము మీద, రెండోది తొమ్మిదో క్రోమోజోము మీద సరిగ్గా బ్లడ్ గ్రూపు జన్యువున్న చోట. మిగతా గ్రూపులతో పోలిస్తే ఎ వాళ్లకు ఆ స్థితికి చేరే అవకాశం 1.45 రెట్లు, ఓ వాళ్లకు 0.65 రెట్లు. శాస్త్రంగా ఇది గొప్ప పని. ఏ ఊహా పెట్టుకోకుండా మొత్తం జన్యురాశిని జల్లెడ పడితే బ్లడ్ గ్రూపే బయటపడటం ఆశ్చర్యం కలిగించేదే.

అయితే విద్యార్థులు ఇక్కడ ఆగి రెండు సంగతులు గమనించాలి. పోలిక కోసం తీసుకున్న ఆరోగ్యవంతుల్లో చాలామంది రక్తదాతలు. ఓ గ్రూపు ఎర్రకణాలు ఎ, బి, ఏబీ వాళ్లకూ పనికొస్తాయని రక్తనిధులు వాళ్లను ఎక్కువగా పిలుస్తాయి. కాబట్టి దాతల జాబితాలో ఓ వాళ్లు జనంలో ఉన్నదానికంటే ఎక్కువే ఉంటారు. అలాంటి జాబితాతో పోలిస్తే రోగుల్లో ఓ వాళ్లు తక్కువగా కనబడటంలో కొంత భాగం జబ్బు వల్ల కాకపోవచ్చు. తేడా మొత్తాన్ని ఇది కొట్టేయదు, కానీ తూకం వేసేటప్పుడు లెక్కలోకి రావాలి.

రెండోది ఇంకా ముఖ్యం. జబ్బు సోకడం ఒక ప్రశ్న, సోకినవాడికి ముదరడం రెండో ప్రశ్న, ముదిరినవాడు బతకడం మూడో ప్రశ్న. ఆసుపత్రిలో పడ్డవాళ్లను ఊళ్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లతో పోల్చితే ఈ మూడూ ఒకే ముద్దలో కలిసిపోతాయి. ఒక గ్రూపు వాళ్లకు జబ్బు ఎక్కువగా సోకితే చాలు, వార్డులో కూడా వాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. వార్డులో చేరాక వాళ్లు ఎక్కువగా చనిపోతారని దాన్నుంచి తేలదు. ఐసీయూ బయట కొడుకు అడిగేది మూడో ప్రశ్న. పత్రికల్లో పడింది మాత్రం మూడూ కలగలిసిన జవాబు.

మూడో ప్రశ్నను నేరుగా పట్టుకున్న పరిశోధన కెనడాలోని వాంకూవర్ నుంచి 2020 అక్టోబరులో వచ్చింది. అక్కడి ఐసీయూల్లో ఉన్న 95 మందినే తీసుకుని, ఎ, ఏబీ వాళ్లను ఒక పక్క, ఓ, బి వాళ్లను ఇంకో పక్క పెట్టారు. మొదటి జట్టులో 84 శాతం మందికి వెంటిలేటర్ పెట్టాల్సి వచ్చింది, రెండో జట్టులో 61 శాతానికి. కిడ్నీలు దెబ్బతిని నిరంతర డయాలసిస్ పెట్టాల్సినవాళ్లు 32 శాతం, 9 శాతం. ఐసీయూలో గడిపిన రోజులు మధ్యస్థంగా 13.5, 9. ఈ అంకెలు చూస్తే గుండె దడదడలాడుతుంది. కానీ లెక్క మొత్తం 95 మంది మీద. అటు నలుగురు, ఇటు నలుగురు మారితే శాతాలు చెదిరిపోయేంత చిన్న జట్లు.

వాంకూవర్ పరిశోధన అచ్చయిన పత్రికలోనే, అదే నెలలో డెన్మార్క్ పరిశోధన కూడా వచ్చింది. దానికి వెడల్పు ఎక్కువ. పరీక్ష చేయించుకుని, గ్రూపు తెలిసిన 4,73,654 మందిని చూశారు. పాజిటివ్ వచ్చిన 7,422 మందిలో ఓ గ్రూపు 38.41 శాతం, దేశ జనంలో 41.7 శాతం. అంటే సోకడంలో చిన్న తేడా ఉంది. ఆసుపత్రిలో చేరడంలో, చనిపోవడంలో మాత్రం గ్రూపుల మధ్య తేడా కనిపించలేదు. బోస్టన్ ఆసుపత్రుల పరిశోధనలోనూ గొంతులో గొట్టం వేయడానికీ, మరణానికీ గ్రూపుతో సంబంధం దొరకలేదు. 2021లో అమెరికా పశ్చిమ ప్రాంతంలో లక్షా ఏడు వేల మందికి పైగా పరీక్షించుకున్నవాళ్ల లెక్క తీస్తే సోకడంలోనూ, తీవ్రతలోనూ సంబంధమే లేదని వచ్చింది. అదే ఏడాది జులైలో 19 దేశాల నుంచి 49,562 మంది రోగుల జన్యు సమాచారాన్ని ఒక్కచోట చేర్చి చూస్తే, బ్లడ్ గ్రూపు జన్యువు సోకడానికి సంబంధించిన జాబితాలో పడింది కానీ ముదరడానికి సంబంధించిన జాబితాలో పడలేదు.

మన దేశపు సంగతి? సీఎస్ఐఆర్ తన ప్రయోగశాలల సిబ్బంది, వాళ్ల కుటుంబాల్లో 10,427 మందికి యాంటీబాడీ పరీక్షలు చేసింది. 10.14 శాతం మందికి అప్పటికే జబ్బు వచ్చిపోయినట్టు తేలింది, ఓ గ్రూపు వాళ్లలో ఆ పాళ్లు తక్కువ. ఇదీ మొదటి ప్రశ్నకు జవాబే, ఐసీయూ మాట ఇందులో లేదు. పైగా మన జనంలో ఎ గ్రూపు కంటే బి గ్రూపు ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధంలో సలోనికా శిబిరాల్లో భారత సైనికుల రక్తం పరీక్షించి 1919లోనే హిర్ష్‌ఫెల్డ్ దంపతులు ఈ తేడా రాసిపెట్టారు. యూరప్‌లో ఎ మీద వచ్చిన లెక్కను మన బి జనానికి యథాతథంగా అంటించడం తగదు. ఇలా అంటించి చూస్తే ఏమవుతుందో చెప్పడానికి హైదరాబాదు నుంచే ఒక ఉదాహరణ ఉంది. నేను ఇందాక చెప్పిన మూడో క్రోమోజోము ముక్క నియాండర్తల్ మానవుల నుంచి వచ్చిందని 2020లో జెబర్గ్, పాబో అనే శాస్త్రవేత్తలు చూపించారు. అది యూరప్‌లో 16 శాతం మందిలో ఉంటే దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో ఉంది. మనవాళ్లు దీనికే ఎక్కువగా పోతారని అప్పుడు అంతటా రాశారు. మన సీసీఎంబీ, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మరుసటి ఏడాది లెక్క చూస్తే, దక్షిణాసియా జనంలో ఆ ముక్కకూ కోవిడ్ మరణాలకూ సంబంధం కనిపించలేదు.

ఇక బలాబలాలు. పెద్ద పరిశోధనల్లో గ్రూపు వల్ల వచ్చే తేడా సుమారు ఒకటిన్నర రెట్లకు మించదు, అదీ కొన్నింటిలోనే. ఇంగ్లండ్‌లో కోటీ డెబ్బై లక్షల మంది రికార్డులు తీసి 2020లో చేసిన లెక్కలో, యాభైల్లో ఉన్నవాళ్లతో పోలిస్తే ఎనభై దాటినవాళ్లు కోవిడ్‌తో చనిపోయే అవకాశం ఇరవై రెట్లకు పైగా ఉంది. ఎనభై ఏళ్ల ఓ గ్రూపు తాతగారికి ధైర్యం చెప్పి, పాతికేళ్ల ఎ గ్రూపు మనవణ్ణి భయపెట్టే సలహా ఎంత తలకిందులైనదో మీరే చూడండి.

మరి ఇదంతా దేనికి పనికొస్తుంది అంటారా? వైరస్ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి పనికొస్తుంది. ఈ భాగమంటే నాకు చాలా ఇష్టం. ఎ గ్రూపు మనిషి ఒంట్లో పెరిగిన వైరస్ బయటికి వచ్చేటప్పుడు ఎ చక్కెరను ఒంటికి పూసుకుని రావచ్చు. అది ఓ గ్రూపు మనిషి ముక్కులోకి వెళితే, అక్కడ సిద్ధంగా ఉన్న ఎ వ్యతిరేక యాంటీబాడీలు దాన్ని పట్టుకోవచ్చు. ఫ్రాన్స్‌లోని నాంత్ శాస్త్రవేత్తలు 2008లోనే, సార్స్ వైరస్ కణాన్ని అంటుకోవడాన్ని ఇలాంటి యాంటీబాడీలు అడ్డుకోగలవని ప్రయోగశాలలో చూపించారు. ఇది నిజమైతే గ్రూపు ప్రభావం ఆ మనిషి గ్రూపు ఒక్కదాని మీదే ఆధారపడదు. అతనికి జబ్బు అంటించినవాడి గ్రూపు మీద, ఊళ్లో ఏ గ్రూపు ఎంత ఉందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. దేశానికో ఫలితం రావడానికి ఇదొక కారణం కావచ్చు. 2021లో ఇంకో సంగతి తేలింది. కరోనా ముల్లు కొనలోని భాగం, శ్వాసనాళపు కణాల మీద ఉండే రకం ఎ చక్కెరను ఇష్టంగా అంటుకుంటుందట. 2022లో బ్రిటన్‌లో 7,491 మంది ఐసీయూ రోగుల పూర్తి జన్యుక్రమం చదివినప్పుడు, గ్రూపు చక్కెర లాలాజలంలోకి, శ్లేష్మంలోకి వస్తుందా రాదా అని నిర్ణయించే ఎఫ్‌యూటీ2 జన్యువు కూడా జాబితాలోకి వచ్చింది. అన్ని వేళ్లూ ఊపిరితిత్తుల గుమ్మం వైపే చూపిస్తున్నాయి.

ఇంకో దారి రక్తం గడ్డకట్టడం. ఓ గ్రూపు వాళ్ల రక్తంలో వాన్ విల్లెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ సుమారు పాతిక శాతం తక్కువ. అందుకే కాలి సిరల్లో గడ్డలు కట్టడం వాళ్లలో తక్కువని కోవిడ్‌కు చాలా ముందే తెలుసు. కోవిడ్ ముదిరినవాళ్ల ఊపిరితిత్తుల సన్నని నాళాల్లో గడ్డలు కనిపించాయి. రెండూ కలిపి చూస్తే ఎంత చక్కగా అమరిపోయింది! గడ్డలే కారణమైతే హెపారిన్ పూర్తి మోతాదులో ఇస్తే రోగులు బతకాలి. అనేక దేశాల ఆసుపత్రులు కలిసి పరీక్షించి 2021 ఆగస్టులో ఫలితాలు చెప్పాయి. ఐసీయూ అవసరం రాని రోగులకు పూర్తి మోతాదు మేలు చేసింది. ఐసీయూలో ఉన్నవాళ్లకు చేయలేదు. కారణం ఎంత అందంగా అమరినా, మంచం మీది మనిషికి మేలు జరిగిందా లేదా అన్నది పరీక్షించి తీరాలి. సుబ్బారావు గారి తరం వాళ్లు పనిచేసిన పద్ధతి ఇది.

కోలుకున్నవాళ్ల ప్లాస్మాను రోగులకు ఎక్కించిన కథ కూడా ఇలాగే నడిచింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో ప్రతి ఫోన్‌లోనూ అదే సందేశం: "అర్జెంట్. బి పాజిటివ్ ప్లాస్మా కావాలి. కోలుకున్న డోనర్ ఉంటే కాల్ చేయండి." అర్ధరాత్రి అన్నదమ్ములు ఊరంతా తిరిగారు, అప్పులు చేశారు. అప్పటికే ఐసీఎంఆర్ మన దేశంలోని 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద పరీక్ష జరిపింది. ప్లాస్మా ఇవ్వడం వల్ల జబ్బు ముదరడం గానీ, మరణాలు గానీ తగ్గలేదని 2020 అక్టోబరులోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది కూడా. ప్రభుత్వ మార్గదర్శకాల నుంచి ప్లాస్మా తొలగింది మాత్రం 2021 మే 17న. ఆ ఏడు నెలల్లో మన ఇళ్ల మీద పడిన బరువును తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. మన దేశంలోనే, మన డబ్బుతో దొరికిన జవాబును మన వార్డుల్లోకి చేర్చలేకపోయాం.

ఇక ప్రాణాలు నిలబెట్టినవి ఏవో చెబుతాను. ఐసీయూ అనేదే ఒక వైరస్ జబ్బులో పుట్టింది. 1952 ఆగస్టులో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడింది. ఊపిరి కండరాలు చచ్చుబడిన పిల్లలతో బ్లెగ్డమ్ ఆసుపత్రి నిండిపోయింది. మొదటి వారాల్లో అలాంటివాళ్లు 31 మందిలో 27 మంది చనిపోయారు. మత్తుమందు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్, గొంతుకు చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో పిసుకుతూ గాలి పంపమన్నాడు. చాలినన్ని యంత్రాలు లేవు. ఇంచుమించు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని, రాత్రింబవళ్లు మంచాల పక్కన కూర్చుని సంచులు పిసికారు. చనిపోయేవాళ్ల పాళ్లు సగానికంటే కిందికి పడిపోయాయి. ఇక్కడ కూర్చున్న విద్యార్థులూ, మీ వయసు వాళ్లే వాళ్లు. ఆ పిల్లల బ్లడ్ గ్రూపులు ఏమిటో ఎవరూ అడగలేదు.

2000లో, ఊపిరితిత్తులు నీరుపట్టి గట్టిపడిన 861 మంది మీద జరిగిన పరీక్షలో, వెంటిలేటర్ గాలి మోతాదు తగ్గించి కిలోకు ఆరు మిల్లీలీటర్ల చొప్పున ఇస్తే మరణాలు 39.8 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి. 2013లో ఫ్రాన్స్ వైద్యుల నేతృత్వంలో, అలాంటి 466 మందిలో సగం మందిని రోజుకు కనీసం పదహారు గంటలు బోర్లా పడుకోబెట్టారు. 28 రోజుల్లో మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి పడిపోయాయి. రోగిని తిప్పడానికి ఖర్చేమీ లేదు, మనుషులు కావాలి.

అది ఎలా ఉంటుందో మీలో చూడనివాళ్ల కోసం చెబుతాను. తల దగ్గర ఒకరు నిలబడి నోట్లోని గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుంటారు, మిగతావాళ్లు ఏం చేసినా ఆ చేతులు వదలవు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు దుప్పటి అంచులు చుట్టి బిగిస్తారు. మెడలోని సెలైన్ లైను, మూత్రపు గొట్టం ఎటు జారుతున్నాయో ఒక నర్సు చూస్తుంటుంది. తల దగ్గరున్నవాళ్లు "ఒకటి, రెండు, మూడు" అనగానే ముందు పక్కకు జరుపుతారు, తర్వాత ఒత్తిగిలిస్తారు, తర్వాత బోర్లా వేస్తారు. ఛాతీ కిందా, తుంటి కిందా దిండ్లు. కళ్లు ఒత్తుకోకుండా, చెవి మడత పడకుండా సర్దాలి. రెండు గంటలకోసారి ముఖం అటు నుంచి ఇటు తిప్పాలి. పీపీఈ కిట్లలో చెమటలు కారుతుంటే ఇదే పని రాత్రికి పదిమందికి చేసిన నర్సులు, వార్డు బాయ్‌లు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్ల గురించి ఎవరూ వాట్సాప్‌లో పంపలేదు. మనిషి బతకడంలో బ్లడ్ గ్రూపు వాటా కంటే వాళ్ల చేతుల వాటా ఎక్కువ. ఇది నేను ప్రశంసగా అనడం లేదు, పైన చెప్పిన అంకెలు చూసి అంటున్నాను.

గ్రూపు మాట వల్ల జరిగిన నష్టం చిన్నదేమీ కాదు. "మాది ఓ, మనకేం కాదు" అని మాస్కు మానినవాళ్లను, జ్వరం వచ్చి ఆయాసం మొదలైనా ఇంట్లోనే ఉండిపోయినవాళ్లను చూశాం. "ఎలాగూ ఎ గ్రూపే కదా" అని ముందే చేతులెత్తేసిన కుటుంబాలనూ చూశాం. యువ వైద్యులకు నా మాట ఇది. రేపు ఇంకో వైరస్ వస్తుంది, ఇంకో జన్యువు పేరు పత్రికల్లోకి వస్తుంది. చుట్టాలు అడిగినప్పుడు విసుక్కోకండి, నవ్వకండి. "గ్రూపును బట్టి మేం వైద్యం మార్చం, ఎవరినీ వదిలేయం" అని ఒక్క వాక్యంలో చెప్పి, ఆ రోజు ఆక్సిజన్ ఎంతుందో, కిడ్నీ ఎలా ఉందో, ఏ మందు ఎందుకిచ్చారో తెలుగులో వివరించండి. వాళ్లు తెలుసుకోవాలనుకునేది అదే, అడగడం చేతకాక గ్రూపు అడుగుతారు.

సభకు వచ్చిన మిగతావారికి ఒక విన్నపం. బ్లడ్ గ్రూపు నిజంగా ప్రాణాన్ని నిర్ణయించే చోటు ఒకటుంది, అది రక్తనిధి. ఒక గ్రూపుకు సరిపడని గ్రూపు రక్తం ఎక్కితే మనిషి గంటల్లో పోవచ్చు, సరైన గ్రూపు సంచి సమయానికి దొరక్కపోతే కాన్పు బల్ల మీద తల్లి పోవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో శిబిరాలు ఆగిపోయి రక్తనిధులు ఖాళీ అయ్యాయి. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాల్సిన థలసీమియా పిల్లలు ఆ రోజుల్లో పడిన కష్టం మీలో కొందరికి తెలుసు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు కాబట్టి డెంగీ కాలంలో ముందే దాచిపెట్టడం కుదరదు. 18 నుంచి 65 ఏళ్ల లోపువారు, కనీసం 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉండి ఆరోగ్యంగా ఉన్నవారు ఇవ్వవచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి. మీది ఎ అయినా, బి అయినా, ఏబీ అయినా, ఓ అయినా సరే, ఈ నెలలోనే మీ దగ్గరలోని ప్రభుత్వ రక్తనిధికి వెళ్లి ఒక యూనిట్ ఇచ్చి రండి.